తల అరిగిన స్క్రూ, చెయ్యి దూరని సందు

బానెట్ ఎత్తి ఉంది. థ్రాటిల్ బాడీ మీదున్న సెన్సర్ మార్చాలి. కొత్తది పక్కనే డబ్బాలో ఉంది. విప్పాల్సినవి రెండే స్క్రూలు. మొదటిది మారాం చెయ్యకుండా వచ్చేసింది. రెండోది ఫైర్‌వాల్ వైపు, హోస్ పైపుల వెనక, తల ఎంత వంచినా కనిపించని చోట ఉంది. స్క్రూడ్రైవర్ ఏటవాలుగా దూర్చి తిప్పారు, టక్కుమని జారింది. మళ్లీ తిప్పారు, మళ్లీ జారింది. వేలు పెట్టి తడిమితే ప్లస్ గాడి ఉండాల్సిన చోట నున్నటి గుంట తగిలింది. ఇప్పుడేం చెయ్యాలి?

అరిగిన స్క్రూని తీసే ఉపాయాలు డజనుకు పైనే ఉన్నాయి. ఏ షెడ్డులో అడిగినా నాలుగైదు చెబుతారు. ఏది ముందు చెయ్యాలి, ఏది ఆఖరికి మిగుల్చుకోవాలి అన్న దగ్గరే పని చెడుతుంది. ఉపాయాలన్నీ తెలిసినవాడు కూడా వరస తప్పితే చివరికి సిలిండర్ హెడ్డుని లేత్ షాపుకి మోసుకెళ్లాల్సి వస్తుంది. అందుకని ఈ అధ్యాయమంతటికీ ఒకటే సూత్రం పెట్టుకుందాం: ఏ ప్రయత్నం చేసినా, అది ఫలించకపోతే ఇంకో ప్రయత్నానికి దారి మిగిలుండాలి. దారి మూసేసే పనులు చిట్టచివరికి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకుండా ఉండాలంటే ఇంతకంటే పెద్ద రహస్యం లేదు.

ముందు చెయ్యి వెనక్కి తియ్యండి

మొదటిసారి జారినప్పుడు స్క్రూ తలకి పెద్దగా నష్టం ఉండదు. ఆ తరవాత పంతానికి పోయి తిప్పే నాలుగైదు తిప్పులే గాడిని తినేస్తాయి. కోపం వచ్చిన చెయ్యి నొక్కడం తగ్గించి తిప్పడం పెంచుతుంది. ప్లస్ స్క్రూకి కావలసింది సరిగ్గా దానికి తలకిందులు. ఏ షెడ్డులోనైనా వినిపించే మాటలివి:

“అన్నా, ఇది రావట్లేదే.”

“ఎంతసేపట్నుంచి కుస్తీ పడుతున్నావురా?”

“చాలాసేపైందన్నా. గట్టిగానే తిప్పాను.”

“తిప్పడం సంగతి నేనడగలా. ఎంత గట్టిగా నొక్కావు?”

కుర్రాడి దగ్గర జవాబుండదు. పనిలో తలపండినవాళ్ల లెక్క ప్రకారం, చేతిలో ఉన్న బలం పదిపాళ్లయితే ఏడుపాళ్లు నొక్కడానికి, మూడుపాళ్లు తిప్పడానికి పోవాలి. ఇరుకు సందులో నొక్కడానికి వీలుండదు గనక ఆ పాళ్లు తిరగబడతాయి, స్క్రూ అరుగుతుంది. ఈ కష్టానికి మందు చివర్లో కాదు, కాసేపట్లోనే చూద్దాం.

జారగానే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ఫోన్ తీసుకోండి. లైటు వేసి, చెయ్యి పట్టినంత లోపలికి దూర్చి వీడియో తియ్యండి. పంటి డాక్టర్ వాడేలాంటి చిన్న అద్దం ఉంటే ఇంకా మంచిది. మీరు తేల్చుకోవాల్సిందల్లా ఈ నాలుగింట్లో జబ్బు ఏది అని.

ఒకటి, గాడి మాత్రమే అరిగింది, మర బాగానే ఉంది. ఇది అన్నిటికంటే తేలిక. రెండు, మర తుప్పుతోనో, మర బిగింపు జిగురుతోనో పట్టేసింది, ఆ బలానికే గాడి అరిగింది. మూడు, తల తెగిపోయింది, మొండెం లోపల ఉండిపోయింది. నాలుగు, స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది గానీ బయటికి రావడం లేదు. అంటే లోపల అల్యూమినియం మర పోయింది. ఈ నాలుగోదానికి తిప్పడం ఒక్కటే చాలదు. స్క్రూ తల కింద సన్నటి మైనస్ స్క్రూడ్రైవర్ దూర్చి పైకి ఎత్తుతూ ఇంకో చేత్తో తిప్పాలి. మిగిలిన ఏ దారాల మీదో పట్టు దొరికి మెల్లగా లేచి వస్తుంది.

జబ్బు తెలియకుండా మందు వేస్తే ఏమవుతుందో చూడండి. గాడి మాత్రమే అరిగినదానికి రాత్రంతా ఆయిల్ పోసి ఊరబెడితే కాలం వృథా. మర పట్టేసినదాన్ని పట్టుకారుతో మెలేస్తే తల తెగి, రెండో జబ్బు మూడోది అవుతుంది.

జారడం వెనక ఉన్న సంగతి

మనం ప్లస్ స్క్రూ అనే దాన్ని ప్రపంచం ఫిలిప్స్ స్క్రూ అంటుంది. అమెరికాకి చెందిన హెన్రీ ఫిలిప్స్ 1936లో దానికి పేటెంట్లు పొందాడు. మొదట్లోనే పెద్దయెత్తున వాడినవాళ్లలో కాడిలాక్ కార్లు చేసే జనరల్ మోటార్స్ ఒకటి. దాని గాడి గోడలు నిటారుగా ఉండవు, లోపలికి పోయేకొద్దీ ఏటవాలుగా సన్నబడతాయి. అందుకే తిప్పే బలం పెరిగేకొద్దీ బిట్టు గోడల మీదుగా పైకి ఎక్కి బయటికి వచ్చేస్తుంది. పైనుంచి నొక్కే బలం ఒక్కటే దాన్ని ఆపుతుంది.

మన రోడ్ల మీద తిరిగే కార్లకి ఇంకో చిక్కుంది. సుజుకి, హోండా, టొయోటా లాంటి జపాన్ డిజైన్లలో చాలాచోట్ల ప్లస్ స్క్రూలు జపాన్ ప్రమాణం ప్రకారం, అంటే జేఐఎస్ ప్రకారం చేసినవి. చూడటానికి ఫిలిప్స్‌లాగే ఉంటాయి. గాడి కొలతల్లో మాత్రం స్వల్పమైన తేడా ఉంటుంది. మామూలు ఫిలిప్స్ బిట్టు వాటిలో పూర్తిగా దిగి కూర్చోదు, పైపైనే ఆగి గోడల అంచుల్ని కొరుకుతుంది. తల మీద ఒక మూల చిన్న చుక్క కనిపిస్తే అది జేఐఎస్ స్క్రూ. చుక్క లేనంత మాత్రాన కాదనీ చెప్పలేం. కార్ల పని తరచూ చేసేవాళ్లు రెండో నంబరు, మూడో నంబరు జేఐఎస్ బిట్లు ఒక జత కొనిపెట్టుకుంటే ఈ అధ్యాయంలో సగం వాళ్లకి అవసరం పడదు.

స్టార్ బిట్టు పట్టే టార్క్స్ స్క్రూలు 1967లో అమెరికాలోని క్యామ్‌కార్ కంపెనీ నుంచి వచ్చాయి. వాటి గోడలు నిటారుగా ఉంటాయి, బిట్టు పైకి ఎక్కదు. అయినా అరుగుతున్నాయంటే సాధారణంగా కారణం మురికి. గుంట అడుగున గట్టిపడ్డ మట్టి, గ్రీజు ఉండటంతో బిట్టు సగమే దిగుతుంది. సూదితో గీకి, బ్రేక్ క్లీనర్ కొట్టి చూస్తే గుంట లోతు రెట్టింపయినట్టు అనిపిస్తుంది. అలెన్ స్క్రూల దగ్గర తప్పు వేరే. 5 మిల్లీమీటర్ల గుంటలో అంగుళాల సెట్టులోని 3/16 కీ వదులుగా దూరుతుంది, ఎందుకంటే అది 4.76 మిల్లీమీటర్లే. వదులుగా దూరిన కీ మూలల్ని గుండ్రం చేసి వదిలిపెడుతుంది.

తలని బయటినుంచి పానాతో పట్టే బోల్టుల విషయానికొస్తే, పన్నెండు మూలల రింగు పానా కంటే ఆరు మూలల సాకెట్ ఎప్పుడూ మేలు. మొదటిది బోల్టు మూలల దగ్గర పట్టుకుంటుంది, రెండోది పక్కల మీద ఒత్తుతుంది. తుప్పు పట్టిన 10 నంబరు బోల్టు మీద ఆ తేడా ఒక్క తిప్పుతో తెలిసిపోతుంది.

చోటు సంపాదించుకోండి

ఇరుకు సందులో పని చేసేటప్పుడు అందరూ స్క్రూ మీద దృష్టి పెడతారు. దృష్టి పెట్టాల్సింది సందు మీద. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దానికి వెళ్లే గొట్టం, బ్యాటరీ, బ్యాటరీ ట్రే, వైపర్ కింద ఉండే ప్లాస్టిక్ కవరు. ఇవి తీస్తే మోచెయ్యి మడవడానికి చోటొస్తుంది. ఇవన్నీ తీయడం ఇల్లు పీకి పందిరేసినట్టు అనిపిస్తుంది గానీ, తెగిన స్క్రూని తవ్వి తీసే పనితో పోలిస్తే ఇది కాలక్షేపం.

అంతకంటే మంచిది ఇంకోటుంది. స్క్రూ ఉన్న భాగాన్నే బయటికి తెచ్చుకోండి. థ్రాటిల్ బాడీని మానిఫోల్డుకి పట్టి ఉంచేవి సాధారణంగా మూడో నాలుగో బోల్టులు. అవి ఎదురుగా, చెయ్యి అందేచోట ఉంటాయి. వాటిని విప్పి మొత్తం భాగాన్ని బల్ల మీద వైస్‌లో మెత్తటి గుడ్డ చుట్టి బిగిస్తే ఇరుకు సందు సమస్యే ఉండదు. కొత్త గ్యాస్కెట్‌కి అయ్యే ఖర్చుని చూసి వెనకాడకండి. కొన్నిట్లో థ్రాటిల్ బాడీలోంచి కూలెంట్ గొట్టాలు కూడా వెళ్తాయి. అలాంటివైతే ఇంజను పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి.

కదలని భాగమైతే ఎటు నుంచి చెయ్యి వెళ్తుందో వెతకండి. పైనుంచి అందనిది చక్రం తీసేసిన సందులోంచి అందొచ్చు, కింది నుంచి అందొచ్చు. బండి కిందకి వెళ్లాల్సి వస్తే జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే.

ఏది మొదలుపెట్టినా ముందు బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాను తాళం తీసేశాక కూడా తనంతట తాను తిరగగలదు. ఫైర్‌వాల్ పక్కన చెయ్యి దూర్చిన మనిషి స్పానర్ పొరపాటున ప్లస్ టెర్మినల్‌కి తగలొచ్చు కూడా.

ఊరనివ్వండి, వేడి తగలనివ్వండి

మర పట్టేసిందని తేలితే పట్టు కోసం కుస్తీ పట్టకముందే దాన్ని వదులు చెయ్యాలి.

అందరి షెడ్డులోనూ ఉండే డబ్ల్యూడీ-40 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో పుట్టింది. అట్లాస్ క్షిపణుల పైరేకు తుప్పు పట్టకుండా, నీటిని తరిమేయడానికి చేసిన ద్రావకం అది. పేరులోని నలభై, నలభయ్యోసారి కుదిరిన మిశ్రమాన్ని సూచిస్తుంది. తేలిగ్గా పట్టినదానికి అది చాలు. మొండి తుప్పుకి, తుప్పు వదిలించడానికని ప్రత్యేకంగా అమ్మే పెనెట్రేటింగ్ ఆయిల్ మేలు. ఏది వాడినా అది మరలోకి పాకడానికి టైమివ్వాలి. సాయంత్రం కొట్టి పొద్దున చూసుకోవడం ఉత్తమం. ఈలోగా రెండు మూడుసార్లు స్క్రూ తల మీద పంచ్ ఆనించి సుత్తితో చిన్నగా తట్టండి. బలంగా కొట్టాల్సిన పని లేదు. ఆ అదురుకి తుప్పు పొర పగిలి ఆయిల్ దిగడానికి దారి దొరుకుతుంది. సెన్సర్ మీద, ప్లాస్టిక్ మీద మాత్రం ఈ తట్టుడు పనికిరాదు.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది. ఆయిల్ మరలోకి వెళ్లాలి గానీ గాడిలో ఉండకూడదు. గాడిలో ఆయిల్ తడి ఉంటే బిట్టు ఇంకా జారుతుంది. బిట్టు పెట్టే ముందు బ్రేక్ క్లీనర్‌తో గాడిని పొడిగా కడగండి.

వేడి ఇంకా బలమైన మందు. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 6 మిల్లీమీటర్ల రంధ్రం, అందులోని ఉక్కు స్క్రూ రెండూ 100 డిగ్రీలు వేడెక్కితే, రంధ్రం స్క్రూ కంటే మిల్లీమీటరులో నూట యాభయ్యో వంతు ఎక్కువ విప్పారుతుంది. చెప్పుకోడానికి ఎంతో కాదు గానీ, తుప్పు అతుకు విడిపోవడానికి ఆ మాత్రం చాలు. మర బిగింపు జిగురుల్లో నీలం రంగుది మామూలు పనిముట్లకే వదులుతుంది. ఎర్రదానికి 250 డిగ్రీల దాకా వేడి కావాలి.

సందులో మంట పెట్టలేం, పెట్టకూడదు కూడా. పక్కన పెట్రోలు గొట్టాలు, వైరింగ్ ఉంటాయి. అక్కడ పనికొచ్చేది సోల్డరింగ్ ఐరన్. దాని ముక్కుని స్క్రూ తల మీద రెండు మూడు నిమిషాలు ఆనించి ఉంచితే వేడి స్క్రూ గుండా నేరుగా మరలోకి దిగుతుంది, చుట్టుపక్కల పెద్దగా పాకదు. ఆయిల్, క్లీనర్ కొట్టిన వెంటనే మాత్రం చెయ్యొద్దు. అవి ఆరి, పెట్రోలు వాసన ఎక్కడా లేదని తేల్చుకున్నాకే.

పట్టు దొరికించుకోవడం: మెత్తటి పనుల నుంచి మొరటు పనుల వైపు

ఇక్కడ వరస ముఖ్యం. ఒకటి కుదరకపోతేనే రెండోది.

సరైన కొత్త బిట్టు. అరిగిన బిట్టుతో అరిగిన స్క్రూని తీయాలనుకోవడం కంటే వ్యర్థప్రయాస లేదు. సందులో పొడుగు స్క్రూడ్రైవర్ పట్టదు గనక పొట్టి బిట్టు ఒక్కటే తీసుకోండి. దాని తోక పావు అంగుళం ఆరు పలకలది. పావు అంగుళం పానా దానికి సరిగ్గా పడుతుంది. బిట్టుని గాడిలో పెట్టి, తోకని బొటనవేలితో నొక్కుతూ పానాతో తిప్పాలి.

బొటనవేలి బలం చాలనప్పుడు ఒక చక్కటి కిటుకుంది. పొడుగు నట్టు ఒకటి, అందులో సగం దాకా ఎక్కించిన బోల్టు ఒకటి తీసుకోండి. ఈ జతని బిట్టు తోకకీ ఫైర్‌వాల్‌కీ మధ్య పెట్టండి. ఫైర్‌వాల్ వైపు చెక్కముక్క ఆనించండి, రేకు సొట్ట పడకుండా. అక్కడ వైర్లు, బ్రేకు గొట్టాలు లేవని ముందే చూసుకోండి. ఇప్పుడు బోల్టుని నట్టులోంచి బయటికి విప్పుతూ పోతే జత పొడుగవుతుంది, బిట్టు గాడిలోకి దిగబడుతుంది. మీ అరచెయ్యి ఎప్పటికీ ఇవ్వలేని ఒత్తిడి అది. తోక మీద చుక్క గ్రీజు రాసి, పానాతో బిట్టుని తిప్పండి. పావు చుట్టు తిరగ్గానే ఆగి బోల్టుని కాస్త వదులు చెయ్యాలి, ఎందుకంటే స్క్రూ లేచేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. ఆ పావు చుట్టే గండం. అది గడిస్తే మిగతాది చేత్తోనే వస్తుంది.

గరుకు పూత. షెడ్డులో వాల్వులు రుద్దే గ్రైండింగ్ పేస్టు ఉంటుంది. బిట్టు కొనకి కొంచెం రాసి గాడిలో పెడితే అందులోని గరుకు రేణువులు రెండు లోహాల మధ్య ఇరుక్కుని పట్టునిస్తాయి. రబ్బరు బ్యాండు పెట్టి తిప్పే ఉపాయం చాలామంది చెబుతారు. అది గాడి మాత్రమే అరిగిన వదులు స్క్రూలకి పనికొస్తుంది, పట్టేసిన మరకి కాదు.

ముందుకి తిప్పడం. విప్పే వైపు కదలని స్క్రూ ఒక్కోసారి బిగించే వైపు వెంట్రుకవాసి కదులుతుంది. కదిలిందంటే తుప్పు అతుకు తెగినట్టే. అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఆడిస్తూ విప్పండి.

పెద్ద బిట్టు దిగ్గొట్టడం. గుండ్రమైపోయిన 5 మిల్లీమీటర్ల అలెన్ గుంటలో టీ30 స్టార్ బిట్టుని సుత్తితో దిగ్గొడితే కొత్త గాళ్లు కోసుకుంటూ దిగుతుంది. 10 నంబరు బోల్టు తల గుండ్రమైతే అంగుళాల సెట్టులో 3/8 సాకెట్ చూడండి. అది 9.5 మిల్లీమీటర్లే గనక కొట్టి ఎక్కిస్తే గట్టిగా పట్టుకుంటుంది. దీనికి సుత్తి ఊపడానికి చోటుండాలి, కింద గట్టి లోహం ఉండాలి. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్‌కీ ఇదే షరతు. అది కొట్టిన ప్రతిసారీ ఒకేసారి నొక్కుతుంది, తిప్పుతుంది. బల్ల మీదికి తెచ్చుకున్న భాగానికి అంతకంటే మంచి పనిముట్టు లేదు.

బయటినుంచి పట్టడం. స్క్రూ తల ఉబ్బెత్తుగా ఉంటే దాని అంచుల్ని పట్టుకోవచ్చు. మామూలు కటింగ్ ప్లేయర్ దవడల గాళ్లు అడ్డంగా ఉంటాయి, ఎదురుగా పెడితే తల మీద జారతాయి. స్క్రూలు తీయడానికే చేసిన ప్లేయర్లలో దవడ కొనన నిలువు గాళ్లుంటాయి. జపాన్‌లో ఇంజనీర్ అనే కంపెనీ చేసే నేజీసారస్ ఈ రకమే. దాన్ని తలకి ఎదురుగా నేరుగా పెట్టి పట్టుకోవచ్చు గనక సందుల్లో బాగా పనికొస్తుంది. లాక్ అయ్యే వైస్‌గ్రిప్ పెట్టగల చోటుంటే అదీ సరే. ఒకసారి పట్టాక జారనివ్వొద్దు. జారిన ప్రతిసారీ తల చిన్నదవుతుంది.

గాడి కొయ్యడం. పైవేవీ కుదరకపోతే హ్యాక్సా బ్లేడు ముక్కకి ఒకవైపు టేపు చుట్టి పిడి చేసుకుని, తల మీద అడ్డంగా గాడి కోసి మైనస్ బిట్టుతో తిప్పండి. లోతు తల మందంలో సగం దాటొద్దు. దాటితే తల రెండు చెక్కలవుతుంది. అప్పుడు ఈ మెట్టు దిగిపోయినట్టే.

ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది తప్పితే నాకు మిగిలేదేమిటి? జవాబు వెంటనే తట్టకపోతే పానా కింద పెట్టి టీ తాగి రండి. సూత్రాన్ని పాటించడమంటే ఇదే. ఇందులో ఓపిక గొప్పదనమేమీ లేదు, ఉన్న దారుల్ని లెక్కపెట్టుకోవడమే.

తిరిగి రాని పనులు

డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాక వెనక్కి రావడం ఉండదు. కాబట్టి ముందు చుట్టుపక్కల భద్రం చేసుకోండి. థ్రాటిల్ బాడీ తీసిన మానిఫోల్డు నోట్లో కంటికి కొట్టొచ్చే రంగు గుడ్డ కుక్కండి. రంగు ఎందుకంటే మళ్లీ బిగించేటప్పుడు మరిచిపోకుండా. ఒక్క లోహపు పొట్టు సిలిండర్‌లోకి పోతే స్క్రూ సంగతి చిన్నదైపోతుంది. ఉక్కు పొట్టుని అయస్కాంతం పడుతుంది, అల్యూమినియం పొట్టుని పట్టదు. దానికి డ్రిల్లు బిట్టుకి గ్రీజు రాసి పొట్టు అంటుకునేలా చెయ్యాలి, చివర్లో వ్యాక్యూమ్ పట్టాలి.

సెంటర్ పంచ్‌తో సరిగ్గా నడిమధ్య గుర్తు కొట్టండి. పక్కకి పోతే మర గోడ తెగుతుంది. సందులో డ్రిల్లు దూరకపోతే లంబకోణం అటాచ్‌మెంట్ దొరుకుతుంది. వీలైతే ఎడమ చుట్టు డ్రిల్లు బిట్టు వాడండి. అది కోసే దిశ, స్క్రూ విప్పే దిశ ఒకటే గనక చాలాసార్లు రంధ్రం పూర్తవకముందే స్క్రూ బిట్టుతోపాటు తిరిగి వచ్చేస్తుంది.

రానప్పుడు తలని మాత్రమే తొలిచెయ్యండి. ఎం5 స్క్రూ అయితే 5 మిల్లీమీటర్ల బిట్టు తల మందం దాటగానే తల ఊడి బిట్టుకి ఉంగరంలా చిక్కుకుంటుంది. సెన్సర్ లేచి వస్తుంది. సెన్సర్ రెక్క మందమంత మొండెం పైకి కనిపిస్తుంది. దాన్ని ప్లేయర్‌తో పట్టుకుని తిప్పి చూడండి. అప్పటిదాకా మొరాయించిన స్క్రూ తరచూ సులువుగా తిరుగుతుంది. తల కింది బిగువే దాన్ని పట్టి ఉంచింది, తల పోయాక ఆ బిగువు లేదు.

ఈజీ అవుట్ అని పిలిచే ఎక్స్‌ట్రాక్టర్ గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. పేరులో ఉన్నంత సుళువు పనిలో లేదు. గాడి మాత్రమే అరిగిన స్క్రూకి అది మంచిదే. మర పట్టేసి, మీరు తిప్పిన బలానికి తల తెగిన బోల్టు ఉందనుకోండి. బోల్టు లావే ఆ బలానికి ఆగలేదు. దాని లోపల రంధ్రం తొలిచి పెట్టిన, అంతకంటే సన్నటి ఎక్స్‌ట్రాక్టర్ ఎలా ఆగుతుంది? అది బాగా గట్టిపరిచిన ఉక్కు. లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని గీరను కూడా గీరలేదు. ఎం6, అంతకంటే సన్నటి వాటిలో దీన్ని వాడేముందు వేడి, ఆయిల్, తట్టుడు మూడూ పూర్తవాలి. వాడేటప్పుడు కూడా తిరగనని మొరాయిస్తే ఆపెయ్యండి.

మొండెం మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేసి తిప్పడం షెడ్లలో పేరున్న పద్ధతి. వెల్డింగ్ వేడే మరని వదులు చేస్తుంది, నట్టు పట్టునిస్తుంది. అయితే బ్యాటరీ రెండు తీగలూ తీసి, దగ్గర్లో ఉన్న ఎలక్ట్రానిక్ యూనిట్ల కనెక్టర్లు ఊడదీసి, అలవాటున్న చెయ్యి చెయ్యాల్సిన పని అది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇదే పనిగా చేసేవాళ్లుంటారు. బోల్టు లోపల ఎక్స్‌ట్రాక్టర్ విరిగినా, సిలిండర్ హెడ్డులో మర పోయినా మీ ప్రయత్నం ఆపి వాళ్లకి అప్పగించడం ఓటమి కాదు. స్క్రూ ఖరీదు పదుల్లో, హెడ్డు ఖరీదు వేలల్లో. ఏది కాపాడుతున్నామో తెలిస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

అల్యూమినియం మర పోయినా భాగం పారెయ్యక్కర్లేదు. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, ప్రత్యేకమైన ట్యాపుతో మర కోసి, అందులో ఉక్కు తీగ చుట్టలాంటి హెలికాయిల్ దించుతారు. మళ్లీ అదే కొలత స్క్రూ పడుతుంది, పాత మర కంటే గట్టిగా కూడా ఉంటుంది.

ఇంకోసారి ఈ గతి పట్టకుండా

స్క్రూ వచ్చింది. పని సగమే అయింది. అరిగిన స్క్రూని మళ్లీ పెట్టొద్దు. అదే లావు, అదే పొడుగు, అదే మర ఉన్న అలెన్ తల స్క్రూ పెట్టండి. పొడుగెక్కువైతే రంధ్రం అడుగు తగిలి బిగువు రాకుండానే బిగిసినట్టు అనిపిస్తుంది.

ఎక్కించేటప్పుడు మొదట ఎడమవైపు తిప్పండి. దారాలు ఒకదాని మీద ఒకటి దిగినప్పుడు చిన్న టిక్కు వేలికి తెలుస్తుంది. అక్కడినుంచి కుడివైపు తిప్పితే మర అడ్డంగా పడదు. మొదటి మూడు చుట్లు పానా తగలకుండా వేళ్లతోనే ఎక్కాలి.

బిగువు విషయంలో చెయ్యి మోసం చేస్తుంది. మామూలు 8.8 గ్రేడు ఎం6 బోల్టుకి కావలసింది దాదాపు 10 న్యూటన్ మీటర్లు. పావు మీటరు పొడుగు పానా చివర నాలుగు కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే బలం అంతే. సెన్సర్లని పట్టి ఉంచే చిన్న స్క్రూలకి ఇంకా తక్కువ. మీ బండి మాన్యువల్లో రాసిందే ప్రమాణం. ఉక్కు స్క్రూ అల్యూమినియంలోకి వెళ్లేచోట, కంపెనీ జిగురు పెట్టని చోట, మర మీద కొద్దిగా యాంటీ సీజ్ రాయండి. రెండు లోహాల మధ్య తడి చేరి పట్టెయ్యకుండా కాస్తుంది. అది రాస్తే మర నున్నగా తిరుగుతుంది గనక పొడి మరకి చెప్పిన బిగువు కంటే తగ్గించాలి. కంపెనీ నీలం జిగురు పెట్టిన చోట మీరూ అదే పెట్టండి.

ఈ వారం చెయ్యాల్సింది

చదివినంత మాత్రాన చేతికి రాదు. ఏదైనా ఆటో స్క్రాపు షాపులో పాత కార్బురేటరో, పనికిరాని థ్రాటిల్ బాడీయో ఒకటి కొనండి. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన చిన్న స్క్రూలు అందులో కావలసినన్ని ఉంటాయి. దాన్ని వైస్‌లో బిగించి, కావాలనే తప్పు బిట్టుతో ఒక స్క్రూ గాడి చెడగొట్టండి. తరవాత పైన చెప్పిన వరసలో ఒక్కో మెట్టే ప్రయత్నించండి. ఎంత నొక్కితే జారకుండా ఉంటుందో, తల తెగబోయే ముందు పానా కింద ఆ మెత్తదనం ఎలా ఉంటుందో అక్కడ నేర్చుకోవచ్చు. ఇంకో స్క్రూ తలని కావాలనే తెగ్గొట్టి, డ్రిల్లు నడిమధ్య దించడం సాధన చెయ్యండి. రెండుసార్లు పక్కకి పోయినా నష్టం లేదు, అది స్క్రాపు.

ఆ తరవాత మీ సొంత బండి బానెట్ ఎత్తి, కనిపించే స్క్రూలన్నిటినీ ఒకసారి చూడండి, ఏదీ విప్పకుండా. ఏది ప్లస్, ఏది జేఐఎస్ చుక్కది, ఏది స్టార్, ఏది తుప్పు పట్టింది, దేని దగ్గరికి చెయ్యి వెళ్లదు అని ఒక కాయితం మీద రాసి పెట్టుకోండి. తుప్పు పట్టినవాటికి ఈ రోజే ఆయిల్ చుక్క వెయ్యండి. వాటిని విప్పే అవసరం ఎప్పుడో వస్తుంది, ఆయిల్ మాత్రం ఇప్పటినుంచే పని మొదలుపెడుతుంది.